తంజిరో గళ్ళు



ఈరోజు జపాన్ సామాన్య జనం సంస్కృతి గురించి మాట్లాడబోతున్నాను. అక్కడి జనం ఏం చూసి మురిశారు, ఏం కట్టుకుని వీధిలోకి వచ్చారు, పిల్లలకు ఏ బొమ్మలు చూపించారు అన్నదే నా విషయం. అయితే మాట మొదలుపెట్టేది చీరాలలో, పేరాల వైపు ఒక మగ్గం ఇంటి అరుగు మీద.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం. నాకు బాబాయి వరస అయ్యే పెద్దాయన ఒకరు గుంటమగ్గంలోంచి లేచి వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకున్నారు. వయసులో ఉండగా ఆఫ్రికా ఎగుమతికి పోయే గళ్ళ రుమాళ్ళు నేసిన చెయ్యి ఆయనది. మద్రాసు రుమాళ్ళని పేరే గాని అవి తయారైంది మా చీరాల, పేరాల, వేటపాలెం మగ్గాల మీద. మనవడు సైకిలు దిగి లోపలికి పోతుంటే పెద్దాయన వాణ్ణి ఆపి చొక్కా అంచు పట్టుకున్నారు. ఆకుపచ్చ గడి, పక్కన నల్ల గడి, మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ నలుపు, అచ్చం చదరంగం బల్లలాగా.

"ఏ ఊరి నేతరా ఇది?"

"నేతేంటి తాతయ్యా, ఇవి తంజిరో గళ్ళు."

పెద్దాయన చొక్కా అంచు తిరగేసి చూశారు. లోపలివైపు రంగు పాలిపోయి ఉంది. "ఇది అద్దకం," అన్నారు. "ఈ గడి మామూలు నేతలో రాదు."

ఎందుకు రాదో ఆయన చెప్పిన మాట మీకూ చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రసంగమంతా దాని మీదే నడుస్తుంది. పడుగులో కొన్ని పోగులు ఆకుపచ్చ, కొన్ని నలుపు పెట్టారనుకోండి. పేకలోనూ అలాగే వేశారనుకోండి. ఆకుపచ్చ పడుగు మీద ఆకుపచ్చ పేక పడ్డచోట నిండు ఆకుపచ్చ వస్తుంది. నలుపు మీద నలుపు పడ్డచోట నిండు నలుపు. కాని ఆకుపచ్చ మీద నలుపు పడ్డచోట రెండూ కలిసిన మూడో రంగు తేలుతుంది. మన లుంగీల్లో, తువ్వాళ్ళలో కనిపించేవి ఆ మూడు రంగుల గళ్ళే. మామూలు నేతలో మూడో రంగు లేకుండా రెండు నిండు రంగులే పక్కపక్కన నిలవాలంటే నేసే ముందే నూలుకు కట్టు కట్టాలి. పడుగుకూ కట్టాలి, పేకకూ కట్టాలి. ఒక్కొక్క పోగు ఇక్కడ ఆకుపచ్చ, ఇక్కడ నలుపు అని లెక్క చూసి రంగులో ముంచాలి.

"తేలియా రుమాలు పద్ధతి," అన్నారు పెద్దాయన. "మా నాయన చేతిలో ఉండేది. నాకు రాలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గళ్ళు ఎక్కడివో వెతకడం మొదలుపెట్టాను.

తంజిరో అనేవాడు ఒక బొమ్మల కథలో నాయకుడు. కొయొహారు గొతోగే అనే రచయిత 2016 నుంచి 2020 దాకా ఒక వారపత్రికలో ఆ కథ వేశారు. బొగ్గులమ్ముకుని బతికే కుటుంబం. రక్కసి చేతిలో ఇంటిల్లిపాదీ చచ్చిపోతే మిగిలింది పెద్ద కొడుకు తంజిరో, రక్కసిగా మారిన చెల్లెలు నెజుకో. చెల్లెల్ని మళ్ళీ మనిషిని చెయ్యడానికి అన్న పడే తపనే ఆ కథ. 2020లో వచ్చిన దాని సినిమా జపాన్ వసూళ్ళ రికార్డులన్నీ దాటిపోయింది. ఆ వరసలోని మరో సినిమా 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో మన హాళ్ళకూ వచ్చింది. మా వాడి చొక్కా మీదున్నవి ఆ తంజిరో పైఅంగీ గళ్ళు.

కాని అవి తంజిరో కంటే చాలా పాతవి. జపాన్‌లో ఆ గళ్ళను ఇచిమత్సు అంటారు. అది ఒక నటుడి పేరు. సనొగావా ఇచిమత్సు అని, 1722లో పుట్టాడు. 1741లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఒక కాబుకి నాటకంలో తెలుపు, ముదురు నీలం గళ్ళ దుస్తులతో రంగస్థలం మీదికి వచ్చాడు. అంతకుముందు ఆ గళ్ళను రాతిపలకలు పరిచిన నేలతో పోల్చి పిలిచేవాళ్ళు. ఆ నాటకం తరవాత ఊరు ఊరంతా ఆ గళ్ళ కోసం ఎగబడింది. రాయి పేరు పోయి నటుడి పేరు నిలిచింది. దాదాపు 280 ఏళ్ళ తరవాత, టోక్యో ఒలింపిక్స్ చిహ్నం గీసినవాళ్ళు కూడా ఆ ఇచిమత్సు గళ్ళనే తీసుకున్నారు.

కాబుకిలో ఆడవేషాలు మగవాళ్ళే కడతారు. ఆ నాటకం 1603 ప్రాంతంలో క్యోటోలో ఒకుని అనే స్త్రీ ఆటతో మొదలైంది. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళను రంగం మీదికి రానివ్వకుండా చేసింది. అప్పటినుంచి మగవాళ్ళే స్త్రీ వేషం కట్టి, ఊళ్ళో ఆడవాళ్ళకు కట్టూ బొట్టూ నేర్పేవాళ్ళయ్యారు. 18వ శతాబ్దంలో సెగావా కికునొజో అనే స్త్రీ పాత్రధారి ఇష్టపడ్డ ఒక గోధుమ రంగుకు ఆయన కలం పేరే అంటుకుంది. జనం ఆ రంగు బట్టలే కట్టారు. నెజుకో ఒంటి మీద ఉండే జనపాకు నమూనా ఉంది చూశారా, అది కూడా అటువంటిదే. ఇవాయి హన్‌షిరో అనే స్త్రీ పాత్రధారి 1809లో ఒక నాటకంలో కట్టాక ఊరంతా పాకింది.

ఇది చదువుతుంటే బాపట్ల గుర్తొచ్చింది నాకు. స్థానం నరసింహారావుగారు పుట్టిన ఊరు కదా! తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆయన సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా నిలబడితే ఆడవాళ్ళు ఆయన కట్టును చూసి కట్టడం నేర్చుకున్నారని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాకు తెలిసిన మేరకు కాబుకి స్త్రీ పాత్రధారిని తెలుగువాడికి అర్థమయ్యేలా చెప్పడానికి స్థానంవారిని మించిన మాట లేదు. ఎదో నగరంలో ఒక వర్తకుడి భార్య కికునొజోను చూసి రంగు ఎంచుకోవడానికీ, తెనాలిలో ఒక ఇల్లాలు స్థానంవారిని చూసి కుచ్చిళ్ళు సవరించుకోవడానికీ మూలం ఒకటే. రంగం మీద కనబడ్డ అందం ఇంటికి రావాలి. అది గుడ్డ రూపంలోనే వస్తుంది. తరవాతి రోజుల్లో వాణిశ్రీ చీర, వాణిశ్రీ కొప్పు అంటూ మన అమ్మలూ అక్కలూ చేసింది కూడా అదే.

ఇక ఆ గుడ్డ ఎక్కడిదన్న సంగతికి వద్దాం. ఈ భాగాన్ని రేపల్లె, నిజాంపట్నం వైపు శ్రోతలు శ్రద్ధగా వినాలని కోరుతున్నాను.

1606లో డచ్చివాళ్ళు నిజాంపట్నంలో గిడ్డంగి పెట్టారు. వాళ్ళ రాతల్లో ఆ ఊరి పేరు పెటపూలి. మచిలీపట్నంతో పాటు కోరమండల్ తీరంలో వాళ్ళ తొలి స్థావరాల్లో అదొకటి. అయిదేళ్ళకు ఇంగ్లీషువాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళను రప్పించినవి రెండు, మన నూలు గుడ్డ, దాని మీది ఎరుపు. ఆ ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళలోంచి వస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఆ ఇసుక పర్రల్లో దొరికే చిరివేరుకు సాటి లేదని ఆనాటి విదేశీ వర్తకులే రాసిపెట్టారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపు. ఐరోపాలో గానీ జపాన్‌లో గానీ నూలు మీద అలాంటి ఎరుపు నిలబెట్టడం అప్పట్లో ఎవరికీ రాదు.

ఆ డచ్చివాళ్ళకే 1641 నుంచి జపాన్‌లో నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలో ఉండి వ్యాపారం చేసుకునే అనుమతి దక్కింది. ఐరోపావాళ్ళలో ఇంకెవ్వరికీ ఆ గుమ్మం తెరవలేదు. కోరమండల్ తీరంలో కొన్న గుడ్డ బటావియా రేవు మీదుగా ఆ దీవికి చేరేది. జపాన్ రాగి ఆ ఓడల్లోనే మన తీరానికి వచ్చి అమ్ముడయ్యేది.

మన అద్దకాల, కలంకారీ గుడ్డను జపాన్‌వాళ్ళు సరసా అన్నారు. చారల నూలు గుడ్డను శాంతోమె అన్నారు. అది మైలాపూరు దగ్గరి శాన్ తోమె పేరు, పోర్చుగీసువాళ్ళ నోటి మీదుగా వెళ్ళింది. చారకు జపాన్ భాషలో షిమా అంటారు. దీవి అన్నా షిమాయే. దీవుల మీదుగా వచ్చిన గుడ్డ గనక చారకు ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఆ రోజుల్లో ఎదో పది లక్షల జనమున్న నగరం. వర్తకుల చేతిలో డబ్బుంది గాని హోదా లేదు. సామాన్యులు ఆడంబరంగా పట్టు కట్టకూడదని, మెరిసే రంగులు వెయ్యకూడదని ప్రభుత్వం మాటిమాటికీ శాసనాలు చేసేది. అప్పుడు వాళ్ళేం చేశారు? పైకి నీలం, గోధుమ, బూడిద రంగుల సన్నచారల నూలు గుడ్డ వేసుకున్నారు. అందం చూపించుకునేది అంగీ లోపలి అస్తరులో. చేతి పొగాకు సంచికి రెండు వేళ్ళ వెడల్పు సరసా ముక్క. టీ పింగాణీ దాచుకునే సంచికి ఇంకో ముక్క. మన దగ్గర దుప్పటిగా పరుచుకునే గుడ్డను అక్కడ ముక్కలు ముక్కలుగా కోసి పుస్తకాల్లో అంటించి దాచుకున్నారు. హికొనె ప్రభువుల ఇంట్లో అలా దాచిన 450 సరసా ముక్కలు ఇప్పటికీ టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

1778లో సరసా నమూనాల పుస్తకం ఒకటి అచ్చయింది. పేరు 'సరసా బెన్‌రన్'. భారతదేశపు నమూనాలను ఎలా గీయాలి, రంగు ఎలా అద్దాలి అని స్థానిక అద్దకంవాళ్ళకు చెప్పే పుస్తకం. బుద్ధుడి మాట మనదేశం నుంచి జపాన్ చేరిందని బడిలో చెబుతారు. భట్టిప్రోలు స్తూపం పక్కనే ఉన్నవాళ్ళం, ఆ మాట మనకు తెలుసు. కాని పేరు తెలియని అద్దకంవాడి చేతి గీత, పేరు తెలియని నేతగాడి చార కూడా సముద్రం దాటి ఒక మహానగరపు జనం ఇష్టాన్ని తీర్చిదిద్దాయన్నది ఏ పాఠంలోనూ నేను చదవలేదు. అది మనవాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలన్న ఆరాటంతోనే ఈ మైకు ముందు కూర్చున్నాను.

ఇప్పుడు పెద్దాయన చెప్పిన ఆ నూలు కట్టు దగ్గరికి వెళదాం.

జపాన్ దక్షిణాన కురుమె అనే ఊరుంది. 1788లో అక్కడ ఇనోవె దెన్ అనే ఆడపిల్ల పుట్టింది. పన్నెండు పదమూడేళ్ళ వయసులో ఒకనాడు వెలిసిపోయిన పాత నీలి బట్ట మీద తెల్ల మచ్చలు చూసింది. పారేసే బట్టే. అయినా ఆ మచ్చలు ఎలా పడ్డాయోనని దాన్ని పోగు పోగుగా విప్పింది. ఒక్కొక్క పోగు కొంతమేర నీలం, కొంతమేర తెలుపు. సరే, ఆ తెలుపును మనమే కావాలని పుట్టిస్తే? కొత్త నూలు తీసుకుని అక్కడక్కడ దారంతో గట్టిగా బిగించి కట్టి నీలిలో ముంచింది. కట్టు విప్పి నేస్తే నీలిగుడ్డ మీద మంచు రాలినట్టు తెల్లటి చుక్కలు. దాన్నే కురుమె కసురి అంటారు. పంటపొలంలో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర్నుంచి బడిపిల్లల దాకా నూరేళ్ళకు పైగా జపాన్ సామాన్యులు కట్టిన బట్ట అది. దెన్ ఎనభై దాటేదాకా బతికింది. వందలమందికి ఆ పని నేర్పింది.

ఆ కథలో ఇంకో పిల్లవాడున్నాడు. అదే ఊళ్ళో తాబేటిచిప్పతో సామాన్లు చేసే కుటుంబంలో 1799లో పుట్టిన తనాకా హిసాషిగె. చుక్కలు కాదు, పువ్వులూ బొమ్మలూ గుడ్డలో రావాలని దెన్ కోరుకుంటే, పదిహేనేళ్ళ ఆ కుర్రవాడు దానికి తగ్గట్టు పనిముట్టు కల్పించి ఇచ్చాడని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. అతనికి మరబొమ్మల పిచ్చి. ఊరి దేవాలయం ఉత్సవాల్లో తన బొమ్మలను ఆడించేవాడు. అమ్ములపొదిలోంచి బాణం తీసి, వింటికి ఎక్కుపెట్టి, గురి చూసి కొట్టే పిల్లవాడి బొమ్మ ఒకటి ఉంది. లోపలున్నవి స్ప్రింగులు, దారాల లాంటివే. ఆ బాణాల్లో ఒకటి కావాలని గురి తప్పుతుంది. తప్పినప్పుడు చూసేవాళ్ళు అయ్యో అంటారు, మళ్ళీ తగిలినప్పుడు చప్పట్లు కొడతారు. బొమ్మకు ప్రాణం పోయడమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. మన తోలుబొమ్మలాటవాళ్ళకు తెలిసినట్టు. ఆ కుర్రవాడే ముసలితనంలో, 1875లో, టోక్యోలో ఒక కర్మాగారం పెట్టాడు. తరవాతి కాలంలో తోషిబా కంపెనీ అందులోంచే ఎదిగింది. జపాన్ పిల్లల కథల్లో మరమనిషి అంటే భయం కాకుండా స్నేహం ఎందుకుంటుందని అడిగేవాళ్ళకు నేను ఈ ఊరి ఉత్సవాన్ని చూపిస్తాను.

ఒక అమ్మ చేతి శ్రమను చూసి కుర్రవాడు యంత్రం కట్టిన కథ మనకూ ఉంది కదా! ఆలేరు దగ్గర శార్జీపేటలో చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర కోసం ఆసు పోస్తూ వాళ్ళమ్మ లక్ష్మిగారు ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పేది. భుజం పట్టేసేది. ఆమె కోసం ఏళ్ళ తరబడి కిందామీదా పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆ పోచంపల్లి కట్టు పని ఎక్కణ్ణుంచి వెళ్ళిందనుకున్నారు? 1915 ప్రాంతంలో చీరాల నుంచే.

మన తేలియా రుమాలు అప్పటికే దూరదేశాల్లో పేరున్న సరుకు. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిదనీళ్ళలో నూనె కలిపి, నూలును అందులో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి తయారుచేస్తారు. అప్పుడే ఎరుపు దానిలోకి దిగుతుంది. రుమాలుకు ఆ నూనె వాసన ఉంటుంది. ఎండలో తలకు చలువ. అందుకే సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకు అది ప్రాణం. ఎరుపు, నలుపు, తెలుపు అనే మూడే రంగులు. చీరాల నుంచి అవి బర్మాకూ అరేబియాకూ ఆఫ్రికా తూర్పుతీరానికీ వెళ్ళేవి. పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టు కట్టి నేసే పని ప్రపంచంలో ఎక్కువచోట్ల లేదు. గుజరాత్ పటోలా ఉంది, బాలి దీవిలో ఒక ఊరుంది, జపాన్ ఉంది, మన తేలియా ఉంది.

నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి ఇప్పుడు చెబుతాను. 1930ల నాటి తేలియా రుమాళ్ళు కొన్ని భద్రంగా మిగిలాయి. వాటిలో పువ్వులూ గళ్ళూ మాత్రమే లేవు. గడియారం ఉంది. గ్రామఫోను ఉంది. విమానం ఉంది. గుంటమగ్గంలో కూర్చున్న మనిషి ఆకాశంలో ఎగిరేదాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటాడు? ఏ పత్రికలో బొమ్మో, ఏ సినిమా పోస్టరో చూసి ఉంటాడు. చూసినదాన్ని పోగుల లెక్కలోకి దించాడు. రెక్కకు ఇన్ని ముడులు, తోకకు ఇన్ని ముడులు.

సరిగ్గా ఆ కాలంలోనే జపాన్‌లోనూ అదే జరిగింది. 1900ల తొలినాళ్ళ నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా అక్కడ కిమోనోల మీద వింత నమూనాల వెల్లువ వచ్చింది. ఒమోషిరొగరా అంటారు, సరదా నమూనాలు అన్నమాట. రైళ్ళు, ఎత్తయిన మేడలు, గ్రామఫోన్లు, విమానాలు, 1929లో టోక్యో వచ్చిపోయిన జెప్పెలిన్ గాలిఓడ, చివరికి మిక్కీ మౌస్ కూడా. పెద్దవాళ్ళకు అంగీ లోపలి అస్తరులో, మగపిల్లలకు కిమోనో మీద. కురుమె మగ్గమూ చీరాల మగ్గమూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఒకే విమానం వైపు తలెత్తి చూశాయి.

కాని రెండుచోట్లా ఆ విమానం ఒకే దారి పట్టలేదు. 1930లు గడిచేకొద్దీ జపాన్ పిల్లల కిమోనోల మీద యుద్ధవిమానాలు, ట్యాంకులు, ఫిరంగులు, బుల్లి సైనికులు వచ్చి చేరాయి. మొదటిసారి గుడికి ఎత్తుకెళ్ళే పసిబిడ్డ ఒంటి మీద బాంబులు రాలుతున్న బొమ్మ ఉండేది. జనం ముచ్చట మీద యుద్ధం ఎంత తేలిగ్గా సవారీ చేస్తుందో ఆ చిన్న చొక్కాల్లో కనబడుతుంది. వాటి ఫోటోలు చూసినప్పుడు నాకు గుండె బరువెక్కింది. ఆ కిమోనో కుట్టిన తల్లి మురిపెంగానే కుట్టి ఉంటుంది.

1942 మార్చిలో రంగూన్ జపాన్ సైన్యం చేతికి చిక్కింది. మన తీరం నుంచి బర్మాకు పోయే లుంగీ, రుమాలు బేరం తెగిపోయింది. రంగూన్‌లో కూలినాలి చేసుకునే తెలుగువాళ్ళు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. ఎంతోమంది దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రుమాలు మీద నేసిన విమానం నిజంగానే మన తీరానికి వచ్చింది.

యుద్ధం అయ్యాక జపాన్ కొత్త తరం ఏం గీసిందో మీలో చాలామందికి తెలుసు గనక క్లుప్తంగా చెబుతాను. ఒసాకా దగ్గర తకరజుకా అనే ఊరుంది. రైల్వే కంపెనీవాళ్ళు తమ రైలెక్కే జనం కోసం 1914లో అక్కడ ఆడపిల్లల బృందంతో నాటక ప్రదర్శనలు మొదలుపెట్టారు. కాబుకిలో అందరూ మగవాళ్ళు, ఇక్కడ అందరూ ఆడవాళ్ళే, మగ వేషాలతో సహా. ఆ ఊళ్ళో పెరిగిన ఒసాము తెజుకా చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి ఆ నాటకాలు చూసేవాడు. యుద్ధంలో బాంబుల కింద బతికి బయటపడి, డాక్టరు చదువు చదివి, బొమ్మల కథల్లోకి వచ్చాడు. 1951లో ఆయన సృష్టించిన మరమనిషి పిల్లవాడు ఆటమ్ 1963 జనవరి 1న టీవీలోకి వచ్చాడు. నేటి జపాన్ టీవీ బొమ్మల కథల వరసంతా ఆ రోజు నుంచి లెక్క. వాళ్ళ బొమ్మలకు ఆ పెద్ద పెద్ద మెరిసే కళ్ళు ఎక్కడివంటే, తకరజుకా దీపాల కింద మెరిసిన ఆ నటీమణుల కళ్ళ నుంచేనని ఒక మాట ఉంది. ఆయన తరవాత బుద్ధుడి కథను పదేళ్ళకు పైగా బొమ్మల్లో చెప్పాడు. మన పిల్లలు జపాన్ బొమ్మల కథలు చదవడం మొదలుపెడితే అది చదవమని నేను చెబుతాను.

ఆ తకరజుకా రంగస్థలం మీద 2024 జనవరిలో ఒక తెలుగు కథ ఆడింది. 'ఆర్ఆర్ఆర్'. 2022 అక్టోబరులో ఆ సినిమా జపాన్‌లో విడుదలై, 1998 నుంచి రజనీకాంత్ 'ముత్తు' పేరున ఉన్న భారతీయ సినిమాల వసూళ్ళ రికార్డును దాటింది. అంతకుముందు 'బాహుబలి' ఆడినప్పుడే ప్రేక్షకులు చీరలు కట్టి, బొట్లు పెట్టుకుని వచ్చి, హాల్లో కేకలు పెడుతూ చూసేందుకు ప్రత్యేక ఆటలు వేశారు. ఆ కథలోని భీమ్‌గా, రామ్‌గా ఆడపిల్లలు మీసాలు దిద్దుకుని ఆ రంగం మీద నాట్యం చేశారని తెలిసినప్పుడు మళ్ళీ స్థానంవారే గుర్తొచ్చారు నాకు. ఆయన ఉంటే మొదటి వరసలో కూర్చుని, వేషం ఎక్కడ నిలిచిందో ఎక్కడ జారిందో చూసేవారు.

ఇక మళ్ళీ తంజిరో గళ్ళ దగ్గరికి వద్దాం. వాటి మీద ఒక తగవు నడిచింది. ఆ కథ అచ్చువేసే షుయేషా సంస్థ 2020లో తమ పాత్రల దుస్తుల నమూనాలు తమవేనని నమోదు చెయ్యమని జపాన్ ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెట్టింది. ఆరు నమూనాలు. అందులో మూడింటికి ఒప్పుకున్నారు. 2021లో తంజిరో గళ్ళకూ, నెజుకో జనపాకుకూ, ఇంకొక దానికీ కుదరదన్నారు. ఈ గళ్ళు ముందునుంచీ అందరూ వాడుతున్నవే, ఒక్కరి గుర్తు కాజాలవన్నది వాళ్ళ తీర్పు. నాకు ఆ తీర్పు న్యాయంగా తోచింది. ఇచిమత్సుకు ఆ గళ్ళు ఎవరో పేరులేని అద్దకంవాడు ఇచ్చినవే కదా. అదే సమయంలో ఊరి పనితనానికి ఊరి పేరు మిగలాలి కూడా. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పుట్టపాక పేరుతో వచ్చింది. నల్గొండ వైపు ఉన్న ఆ ఊళ్ళోని నేతవాళ్ళు, గజం గోవర్ధనగారి లాంటివాళ్ళు, ఆ కట్టును చచ్చిపోకుండా కాపాడారు. ఆ పేరు వాళ్ళకు దక్కవలసిందే. చీరాల బాధ చీరాలది. మన దగ్గర కుప్పడం చీర మిగిలింది, కట్టు పోయింది.

ఈ సంగతులన్నీ మూటగట్టుకుని నెల రోజుల తరవాత పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. తంజిరో సంగతీ, ఇచిమత్సు సంగతీ, కురుమె ఆడపిల్ల సంగతీ చెప్పాను. ఆయన అన్నీ విన్నారు. దెన్ పాత బట్టను పోగు పోగుగా విప్పిందన్నచోట మాత్రం ఆపి, "ఎన్నేళ్ళ పిల్లన్నావ్?" అని మళ్ళీ అడిగారు.

"పన్నెండో పదమూడో, బాబాయ్."

మనవడి వైపు చూశారు. వాడి వయసూ అంతే. తరవాత లోపలికి వెళ్ళి రెండు చిలపల తెల్లనూలు తెచ్చి అరుగు మీద పెట్టారు. గోడకు రెండు మేకులు కొట్టించి నూలు బిగించారు. కాగితం మీద గళ్ళు గీసి, గడికి నలభై పోగులని రాసుకున్నారు. కట్టుకు దారం చాలదు, నీళ్ళు దిగకుండా రబ్బరు కావాలన్నారు. పుట్టపాకలో సైకిలు ట్యూబు కోసి కడతారని ఎవరో చెబితే విన్నారట.

వాడు పరుగెత్తి వెళ్ళి పంచరు షాపు నుంచి పాత ట్యూబొకటి తెచ్చాడు. తాతయ్య కత్తెరతో సన్నటి పట్టీలు కోస్తున్నారు. వాడు తంజిరో చొక్కా చేతులు పైకి మడుచుకుని, మొదటి నలభై పోగులు వేళ్ళ మధ్య పట్టుకుని, లెక్క తప్పకుండా ఉండటానికి పైకి చదువుతున్నాడు. ఒకటి, రెండు, మూడు...